హైమవతి దిగని మెట్లు

జనక్‌పురి సి బ్లాకు తెలుగువాళ్ళలో హైమవతికి పరుగు మనిషి అని పేరు. పొద్దున్నే ఆమె భర్త లక్ష్మీపతి సెక్రటేరియట్‌కి వెళ్ళే చార్టర్డ్ బస్సు కోసం మలుపు దాకా పరుగెత్తుతుంటే, ఆయన మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని వెనకాలే ఆమె పరుగెత్తేది. చాలాసార్లు బస్సు దగ్గరికి ముందు చేరేది ఆమే. "మీ సీటు మేడమ్‌కి ఇచ్చేయండి సార్, ఆఫీసు పని తొందరగా తెములుతుంది" అని బస్సులోని తోటి గుమాస్తాలు ఆటపట్టించేవారు. పాల బూత్ దగ్గరైనా, కిరోసిన్ లైన్‌లో అయినా ఆమె కుదురుగా నిలబడగా చూసినవాళ్ళు తక్కువ.

అలాంటి మనిషి డెబ్బై ఎనిమిది చలికాలం మొదలయ్యేసరికి వీధి మలుపు దాటడం మానేసింది. కడుపుతో ఉంది. రెండో కాన్పు. బరువు వల్ల మానేసిందనుకున్నారు అందరూ. బరువు కాదు, భయం.

మొదటి కాన్పు ఆచారం ప్రకారం పిఠాపురంలో, పుట్టింట్లో జరిగింది. జరిగింది అనేకన్నా జరిగిపోయింది అనాలి. పొద్దున నడుం కాస్త లాగుతోందని, వేన్నీళ్ళు పోసుకుంటే తగ్గుతుందని హైమవతి పెరట్లో స్నానాల గదికి వెళ్ళింది. వాళ్ళమ్మ వంటింట్లో పోపు వేస్తోంది. ఆ పోపు వేగి దించేలోపు, తడి సిమెంటు గచ్చు మీద, గోడ పట్టుకుని నిలబడ్డ హైమవతి కాళ్ళ మధ్యకి బిడ్డ వచ్చేసింది. పట్టుకుందో, జారుతున్నదాన్ని చేతులు అడ్డం పెట్టి ఆపిందో ఆమెకే తెలియదు. బిడ్డ ఏడవలేదు. నీలంగా, చల్లగా, బరువుగా ఉంది. కేక వేద్దామంటే ఆమెకు గొంతు పెగల్లేదు. ఎంతసేపు అలా ఉన్నారో తెలియదు. తర్వాత పిల్ల ఒక్కసారి ముఖం చిట్లించి ఏడ్చింది. ఆ పిల్లే అరుంధతి, ఇప్పుడు నాలుగేళ్ళు నిండి, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతోంది.

ఆ కాన్పు ఊళ్ళో ముచ్చటగా చెప్పుకున్నారు. ఢిల్లీకి వచ్చాక ఇక్కడా చెప్పుకున్నారు. తల్లి రాలేని చోట తామే తల్లులమని కాలనీ తెలుగు ఆడవాళ్ళు చలిమిడి చేసుకుని వచ్చిన రోజున కూడా అదే మాట.

"నీకేంటమ్మా, ఇలా అనేసరికి అలా అయిపోతుంది" అంది పక్క బ్లాకు లీలావతి. "మా చిన్నదాని కాన్పుకి నేను చచ్చి బతికాను."

"అదేనండీ నా భయం" అంది హైమవతి.

"దానికి భయమేవిటి తల్లీ? అందరం దేవుడికి మొక్కుకునేది దాని కోసమేగా. ఈసారి ఇంకా త్వరగా అవుతుంది, చూడు."

అందరూ నవ్వుతూ అక్షింతలు వేశారు. తాను దేనికి వణికిపోతోందో దాన్నే వరంగా ఇచ్చి వెళ్ళిపోతున్న ఆ ఆడవాళ్ళని హైమవతి గుమ్మం దాకా సాగనంపి, తలుపు వేసి, గొళ్ళెం మాత్రం పెట్టలేదు. ఆ నెల నుంచి పగలు ఎప్పుడూ గొళ్ళెం పెట్టేది కాదు. పడిపోతే ఎవరైనా లోపలికి రావాలి కదా అని. స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా ఉంచి, అరుంధతిని బయట కూర్చోబెట్టి పాటలు పాడించేది. ఆ పాట వినిపిస్తున్నంతసేపే నీళ్ళు పోసుకునేది.

నొప్పులంటే ఆమెకు బెదురు లేదు. తన ఒంట్లో తనకు చెప్పకుండా ఏదో నిర్ణయం జరిగిపోతుందన్నదే ఆమె బెంగ. ఆస్పత్రి దూరం. దారిలో పంఖా రోడ్డు అంతా గుంతలు. భర్త ఆఫీసు మరీ దూరం. ఈసారి గచ్చు మీద చేతులు అడ్డం పెట్టలేకపోతే? ఏడుపు రాకపోతే?

లక్ష్మీపతి మంచివాడు. మినిస్ట్రీలో అసిస్టెంటు. ఏ సమస్యనైనా ఏర్పాట్లతో గట్టెక్కించవచ్చని నమ్మేవాడు. మార్కెట్ దగ్గర స్టాండులో ఉండే గుర్‌బచన్ సింగ్‌తో మాట్లాడి, ఎప్పుడు పిలిచినా స్కూటర్ వచ్చేలా ఒప్పించాడు. ఢిల్లీలో ఆటోని స్కూటరే అంటారు. కింది అంతస్తు సుదేశ్ ఖురానా ఆంటీ స్టాండుకి కబురు పంపాలి. మందుల షాపువాడు ఆఫీసుకి ఫోన్ చేయాలి. తను సెక్షన్ ఆఫీసర్‌కి ముందే చెప్పి ఉంచాడు.

"ఎవరి డ్యూటీ వాళ్ళకి తెలుసు" అన్నాడు భార్యతో. "సోమవారం నుంచి శనివారం దాకా ఏ టైములోనైనా సరే, లోటు లేదు."

"ఆదివారం?"

"ఆదివారం నేనే ఇంట్లో ఉంటాను కదా హైమా."

ఆఫీసు మనిషికి ఆదివారం అంటే ఏర్పాట్లు అక్కర్లేని రోజు. హైమవతికీ అప్పట్లో అది సబబుగానే తోచింది.

జనవరిలో నడుం పట్టేసింది. ఏర్పాట్లన్నీ చకచకా కదిలాయి. గుర్‌బచన్ సింగ్ స్కూటర్‌ని పూలపల్లకీలా నడిపాడు. ఆస్పత్రిలో నర్సు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఇంకా చాలా రోజులుంది పొమ్మంది. పది రోజులు తిరక్కుండా మళ్ళీ వెళ్ళారు. ఈసారి నర్సు చెయ్యి కూడా వేయలేదు. "ఏక్ బచ్చా హో చుకా హై, ఫిర్ భీ పతా నహీఁ చల్తా?" అంది. ఒక బిడ్డని కన్నదానివి, ఇంకా తెలియడం లేదా అని. బెంచీ మీద వరసగా కూర్చున్న గర్భిణులు నవ్వారు. ఇప్పటిదాకా హైమవతి తన ఒంటిని నమ్మడం లేదు. ఇప్పుడు తన మాట మీద కూడా నమ్మకం పోయింది.

అప్పుడే అత్తగారు అన్నపూర్ణేశ్వరి అమలాపురం నుంచి వచ్చింది. రెండో కాన్పు అత్తింటివాళ్ళు చేయాలి కాబట్టి, బతికుండగా ఢిల్లీ చలి చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి కూడా జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కక తప్పలేదు. గుడ్డలో చుట్టిన గానుగ ఆముదం సీసా ఒకటి దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది.

"రేపు పరగడుపున వేడి పాలల్లో రెండు చెంచాలు" అంది, ట్రంకు పెట్టె సర్దుకోవడం అయ్యీ అవకముందే. "నెలలు నిండాక వారానికోసారి. సుఖంగా జారుతుంది బిడ్డ."

"వద్దండి అత్తయ్యగారూ."

"వద్దంటే? నేనేం విషం పోస్తున్నానటే?"

"అది కాదండి. నాకు జారడమే భయం."

పెద్దావిడ కోడలి ముఖంలోకి చూసింది. పొగరో, పిచ్చో అర్థం కాలేదు. ఆ తర్వాత ఒకట్రెండు రోజులు ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలన్నీ అరుంధతి ద్వారానే నడిచాయి. "మీ అమ్మని కాఫీ తాగమను" అని ఈవిడ, "బామ్మగారిని శాలువా కప్పుకోమను" అని ఆమె. ఆ పిల్ల రెండిటినీ హిందీలోకి మార్చి చేరవేసేది.

మూడో రోజు ఎండ బాగా కాసింది. బాల్కనీలో చాప వేసుకుని ఇద్దరూ ఒకే చేటలో బియ్యం ఏరుతున్నారు. అన్నపూర్ణేశ్వరి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"లక్ష్మీపతి తర్వాత నాకు ఇంకొకడు. నీకెవరూ చెప్పుండరు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు. మంత్రసాని అలిసిపోయి గుమ్మంలో నిద్రపోయింది. మీ మామగారు బయట అరుగు మీద. నేను దూలం వంక చూస్తూ ఒకటే అడిగాను, త్వరగా కానియ్యి, ఎలాగైనా సరే త్వరగా కానియ్యి అని. నాలుగో పొద్దున వచ్చాడు. ఊపిరి లేదు." ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "నువ్వొచ్చి త్వరగా వద్దంటున్నావు. నాకెలా ఎక్కుతుందే ఆ మాట?"

హైమవతి చేటలో బియ్యం ఒక పక్కకి తోసింది. తర్వాత స్నానాల గది సంగతి చెప్పింది. అందరూ ముచ్చటగా చెప్పుకునేది కాదు, అసలు జరిగింది. నీలంగా ఉన్న ముఖం, రాని ఏడుపు, తెరిస్తే శబ్దం రాని తన నోరు. అమ్మకీ, భర్తకీ చెప్పనిది ఆవిడకి చెప్పింది.

"అంతసేపూ పిల్ల ఏడవలేదా?"

"లేదండి."

"దాన్నా అందరూ అదృష్టమన్నది?"

ఇక ఆముదం ఊసు ఎత్తలేదు పెద్దావిడ. సాయంత్రం ఆ సీసా తీసి మనవరాలి తలకి దట్టంగా పట్టించింది. ఆ పిల్ల ముక్కు మూసుకుని "ఛీ, బద్బూ" అంటూ ఇల్లంతా తిరిగింది.

మర్నాడు కోడలిని వెంటబెట్టుకుని ఆవిడే గవర్నమెంటు డిస్పెన్సరీకి నడిచింది. అక్కడ లేడీ డాక్టరు కమలాకుమారి. గుంటూరావిడ, బి బ్లాకులోనే కాపురం. మాట కటువు, చెయ్యి మెత్తన అని ఆడవాళ్ళు అనుకునేవారు. ఆవిడ అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆస్పత్రికి చేరలేనేమోనని నీ బెంగ. అవునా? చేరలేకపోతే ఏం చేయాలో నీకు తెలియదు. అది తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం ఉండనీ, దానివల్ల నష్టం లేదు. మెల్లగా మొదలైతే ఆస్పత్రికి వెళ్ళు. ముంచుకొచ్చినట్టు మొదలైతే ఇంట్లోనే ఉండిపో. పంఖా రోడ్డు గుంతల్లో, స్కూటర్ సీటు మీద కంటావా, శుభ్రమైన పరుపు మీద కంటావా?"

"పరుపు మీదే. కానీ ఏది మెల్లగానో, ఏది ముంచుకొచ్చేదో నాకెలా తెలుస్తుందండీ? రెండుసార్లు తప్పాను."

"నొప్పి వస్తున్నప్పుడు నాతో ఇలా మాట్లాడగలిగితే టైముంది. మాట మధ్యలో తెగిపోయి, ఒళ్ళు కిందికి నొక్కుతున్నట్టుంటే టైము లేదు. అప్పుడు ఎవరెంత లాగినా మెట్లు దిగకు. నాకు కబురు పెట్టు."

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ అత్తాకోడళ్ళిద్దరూ బడిపిల్లల్లా విన్నారు. ముక్కకూడదు, వేడి కాఫీ ఊదుకున్నట్టు చిన్న చిన్న ఊపిర్లు వదలాలి. మోకాళ్ళ మీద, చేతుల మీద వంగితే బిడ్డ వేగం కాస్త తగ్గుతుంది. తల కనిపిస్తే అరచెయ్యి ఆనించాలి, లాగకూడదు. బొడ్డుపేగు మెడకు చుట్టుకుని వదులుగా ఉంటే వేలితో తల మీదుగా తీసేయాలి. తడి తుడవాలి, వీపు రుద్దాలి, తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టి కప్పాలి. పేగు కోయడం, ముడి వేయడం ఎవరూ చేయకూడదు, తను వచ్చేదాకా అలాగే ఉండనివ్వాలి.

"నువ్వు నేర్చుకో, ఈవిడకీ నేర్పు" అని డాక్టరమ్మ అన్నపూర్ణేశ్వరిని చూపించింది.

"నాకెందుకమ్మా, నేను కళ్ళు తిరిగి పడిపోతాను" అంది ఆవిడ.

"పడితే బిడ్డ పుట్టాక పడండి."

భయానికి పని దొరికింది. హైమవతి పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి మంచం పక్కన ఉంచింది. పుట్టబోయే బిడ్డకి ముందుగా బట్టలు కొనకూడదు, కుట్టకూడదు అని అత్తగారి పట్టుదల. ఇవి బిడ్డకి కావు, నాకు అని కోడలు సర్దిచెప్పింది. కాఫీ తాగినప్పుడల్లా ఊదడం సాధన చేసింది.

"చల్లారిపోయిందే, ఇంకా ఊదుతావేవిటి" అనేది అత్తగారు.

"మీరూ ఊదండి అత్తయ్యగారూ."

ఇద్దరూ గ్లాసులు పట్టుకుని ఊదుతుంటే లక్ష్మీపతి పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఆ రోజుల్లో ఢిల్లీలో ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా వేసేవారు. అది మొదలయ్యేసరికి రోడ్ల మీద మనుషులుండేవారు కారు. బ్లాకుకి రెండో మూడో టీవీలు. రెండో అంతస్తులో ఉండే హైమవతి వాళ్ళకి కింద మొదటి అంతస్తులోని ఖురానాల టీవీయే దిక్కు. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళంతా ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని అక్కడ చేరేవారు. ఒంటరిగా గదిలో ఉండలేని హైమవతి కూడా వెళ్ళి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ముందు వరసలో అరుంధతి. మధ్యలో అన్నపూర్ణేశ్వరి. హిందీ ముక్క రాకపోయినా మీసాలను బట్టి ఎవడు దొంగో, ఎవడు మంచివాడో తేల్చేసి, వింటున్నా వినకున్నా అందరికీ చెబుతోంది. వెనక గోడకి ఆనుకుని లక్ష్మీపతి.

కథానాయిక పాట అందుకుంది. హైమవతికి నడుం కింద ఏదో బరువుగా కదిలినట్టయింది. నొప్పి కాదు. లోపల ఎవరో భారీ తలుపు నెట్టినట్టు. నర్సు మాట గుర్తొచ్చింది. బెంచీ మీది నవ్వులు గుర్తొచ్చాయి. పాట అయ్యేదాకా చూద్దామనుకుంది. పాట సగం కాకుండానే రెండోసారి వచ్చింది. పక్కనున్న సుదేశ్ ఆంటీతో "ఆంటీ, ముఝే..." అని మొదలుపెట్టింది. మాట అక్కడ తెగిపోయింది.

తెగిపోయిందని ఆమె గమనించింది.

సుదేశ్ ఆంటీ ఆమె ముఖం చూసి, మరేం అడక్కుండా లేచి లైటు వేసింది. గదిలో అందరూ గొణిగారు, తర్వాత అర్థమై ఊరుకున్నారు. లక్ష్మీపతి ఒక్క అంగలో చాపలు దాటి, చెప్పులు కూడా వేసుకోకుండా స్టాండు వైపు పరుగెత్తాడు. స్టాండు ఖాళీ. ఒక్క స్కూటర్ కూడా లేదు. మందుల షాపు మూసి ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా అతను పకడ్బందీగా కట్టుకున్న ఏర్పాట్లలో ఒక్కటీ ఆ సాయంత్రానికి పనికి రాలేదు. డ్రైవర్లంతా మార్కెట్ వెనక టీ దుకాణంలో టీవీ ముందున్నారని ఎవరో చెబితే అక్కడికి పోయి, చీకట్లో కిక్కిరిసిన తలపాగాల మధ్య గుర్‌బచన్ సింగ్‌ని వెతికి, చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

ఈలోగా సుదేశ్ ఆంటీ, అన్నపూర్ణేశ్వరి చెరొక రెక్కా పట్టుకుని హైమవతిని మెట్ల దగ్గరికి నడిపించారు. వెనకాలే బ్లాకు ఆడవాళ్ళు. మెట్ల మొదట్లోనే ఆమెకు నీళ్ళు పోయాయి. సిమెంటు మెట్ల మీదుగా కిందికి కారిపోతున్న ఆ నీళ్ళని అందరూ పక్కకి తప్పుకుని చూశారు. కింద నుంచి స్కూటర్ చప్పుడు, లక్ష్మీపతి కేక వినిపించాయి. "హైమా, బండి వచ్చింది. దింపండి, మెల్లగా దింపండి."

"చలో బేటీ, చలో" అంది సుదేశ్ ఆంటీ.

"హైమా, పదవే" అంది అత్తగారు.

దిగే మెట్లు ముందున్నాయి. పది మంది కిందికే నడిపిస్తున్నారు. ఇన్ని నెలలుగా ఆమె ప్రాణం పెట్టుకుని ఎదురుచూసిన బండి కింద గుడగుడలాడుతోంది. హైమవతి మెట్ల కమ్మీ పట్టుకుని ఆగింది. ఒక అల వచ్చి ఒళ్ళంతా కిందికి నొక్కి వెళ్ళింది. అది పోయిన ఆ కాస్త ఖాళీలో ఆమె ముఖం ఎత్తింది.

"నేను దిగను" అంది.

ఎవరికీ వినపడనట్టే ఉంది. మళ్ళీ అంది. ఈసారి గట్టిగా కాదు, నిదానంగా. "నేను దిగనండి అత్తయ్యగారూ. పైకి పదండి. ఏమండీ, మీరు ఆ బండి మీద వెళ్ళి డాక్టరమ్మని తీసుకురండి."

లక్ష్మీపతి కింద నిలబడి పైకి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. స్కూటర్ ఎక్కి బి బ్లాకు వైపు పోయాడు.

పైకి ఉన్నది ఒక్క అంతస్తే. హైమవతి ఆ మెట్లని చేతుల మీద, మోకాళ్ళ మీద ఎక్కింది. మంచం మీది పరుపు లాగి సుదేశ్ ఆంటీ నేల మీద పరిచింది. ఇస్త్రీ చీరలు దాని మీద పడ్డాయి. హైమవతి మోకాళ్ళ మీద వంగి, తల దిండుకి ఆనించి, ఊదుతోంది. కాఫీ ఊదినట్టు, చిన్నగా, చిన్నగా. లోపలిదంతా కిందికి దూకమంటోంది. ఆమె మాత్రం ఊదుతోంది. పరుగు తప్ప ఎరగని మనిషి, పరుగెత్తుతున్న తన ఒంటి పక్కన నిలబడి దాని వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టుంది. గదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ పిల్లల్ని కన్నవాళ్ళే. సుదేశ్ ఆంటీ ముగ్గురిని కన్నది. అన్నపూర్ణేశ్వరి నలుగురిని. ఇద్దరూ ఇలాంటిది చూడలేదు. వాళ్ళు కన్నప్పుడు మంత్రసానులు అరిచారు, వాళ్ళూ అరిచారు. ఇక్కడ ఎవరూ అరవడం లేదు. నేల మీద వంగిన ఆ ఒంటిలో పైనుంచి కిందికి ఏదో పెద్దది దిగిపోతున్నట్టు, దానికి దారి ఇస్తూ గది మొత్తం ఊపిరి బిగబట్టినట్టు ఉంది.

"అత్తయ్యగారూ, చెయ్యి" అంది హైమవతి.

"నావల్ల కాదే."

"మీవల్లే అవుతుంది. ఆనించండి. లాగకండి."

అన్నపూర్ణేశ్వరి మోకాళ్ళ మీద కూలబడింది. అరచేతిలోకి నల్లగా, తడిగా, వెచ్చగా ఒక తల వచ్చి ఆగింది. ముసలావిడ నోరు తెరుచుకుంది.

"మెడకి పేగు ఉందా?" కోడలి గొంతు దిండులోంచి వచ్చింది.

"ఉందే. ఉందే తల్లీ."

"బిగిసిందా, వదులుగా ఉందా?"

వేలు వెళ్ళి తడిమింది. "వదులే."

"తల మీదుగా తీసేయండి."

మూడు రాత్రులు దూలం చూస్తూ గడిపిన ఆవిడ, ఊపిరి లేని బిడ్డని తీసుకుపోతుంటే గోడ వైపు తిరిగి పడుకున్న ఆవిడ, చూపుడు వేలితో ఆ పేగుని మెల్లగా తప్పించింది. మరుక్షణం బిడ్డ మొత్తం ఆవిడ చేతుల్లో ఉంది.

ఏడవలేదు.

హైమవతి వెనక్కి తిరిగి కూర్చుంది. ఆమెకు తెలిసిన నిశ్శబ్దమే అది. నాలుగేళ్ళుగా నిద్రలో వింటున్నదే. నీలపు ముఖం, మూసిన కళ్ళు. కానీ ఈసారి ఆమె చేతులు ఆగిపోలేదు. బిడ్డని ఒళ్ళోకి తీసుకుని, ఇస్త్రీ చీర ముక్కతో ముఖం తుడిచి, వీపు మీద రుద్దింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. తొందర లేదు, ఆగడం లేదు. సుదేశ్ ఆంటీ "వాహె గురు, వాహె గురు" అని గొణుగుతోంది. కింద టీవీలో ఎవరో నవ్వుతున్నారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఎవరో టీవీ కట్టేశారు. ఆదివారం సినిమా మధ్యలో సి బ్లాకులో టీవీ కట్టేయడం అదే మొదటిసారి.

ఆ నిశ్శబ్దంలో బిడ్డ తుమ్మింది. తర్వాత ఏడ్చింది. సన్నగా మొదలై, గది పట్టనంత అయింది. నీలం పోయి ముఖం ఎర్రబడుతుంటే ముగ్గురూ కళ్ళార్పకుండా చూశారు. దూరం నుంచి ఎవరో నడిచి వచ్చి ఆ ఒంట్లోకి ప్రవేశిస్తున్నట్టు ఉంది.

"లడ్‌కీ హై" అంది సుదేశ్ ఆంటీ.

"ఆడపిల్లే" అంది అన్నపూర్ణేశ్వరి. మనవడు కావాలని దారి పొడుగునా స్టేషన్ స్టేషన్‌కీ దండం పెట్టుకుంటూ వచ్చిన మనిషి, ఆ సంగతి గుర్తున్నట్టే లేదు.

హైమవతి గోడకి జారబడి బిడ్డని రొమ్ముకి ఆనించుకుంది. రజాయి కప్పారు. ఇద్దరి మధ్యా పేగు ఇంకా అదురుతోంది. అన్నపూర్ణేశ్వరి దాని వంకే చూస్తూ, "కొట్టుకుంటోందే, ఇంకా కొట్టుకుంటోంది" అంది, ఎవరికీ కాకుండా.

డాక్టరు కమలాకుమారి సంచీ పట్టుకుని మెట్లెక్కేసరికి మొదటి అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా జనం నిలబడి ఉన్నారు. సినిమా చూడటానికి వచ్చినవాళ్ళే. గుమ్మం బయట చెప్పులన్నీ విడిచి ఉన్నాయి, ఎవరూ విడవమనకుండానే. లక్ష్మీపతి వాటి మధ్య, తన ఇంటి గుమ్మంలో, లోపలికి అడుగు పెట్టవచ్చో లేదో తెలియనట్టు ఆగిపోయాడు.

డాక్టరమ్మ పేగు కట్టి, కోసి, మాయ పడేదాకా ఆగి, పొట్ట నొక్కి చూసి, బిడ్డని తిరగేసి మరగేసి పరీక్ష చేసింది.

"నాకేం పని మిగల్చలేదు నువ్వు" అంది చేతులు కడుక్కుంటూ. "పేగు ఎవరు తీశారు?"

హైమవతి అత్తగారిని చూపించింది.

"ఇక పడిపోవచ్చు మీరు" అంది డాక్టరమ్మ. అన్నపూర్ణేశ్వరి ఇంకా బిడ్డ వంకే చూస్తోంది. ఆ మాట వినపడలేదు.

అప్పుడు వచ్చింది హైమవతికి వణుకు. ముందు మోకాళ్ళు, తర్వాత పళ్ళు. బిడ్డని జారవిడుస్తానేమోనని భయపడి డాక్టరమ్మ చేతికిచ్చేసింది. "భయం పోలేదండీ" అంది, తప్పు ఒప్పుకున్నట్టు. "అంతసేపూ ఉంది. మెట్ల మీద కూడా ఉంది."

"ఉండదా మరి" అంది డాక్టరమ్మ. బిడ్డని చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టి, వేడి పాలు ఇవ్వమని చెప్పి, పొద్దున్నే వస్తానని వెళ్ళింది. జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని దిగిపోయారు.

సుదేశ్ ఆంటీ పాలు కాచి తెచ్చింది. అరుంధతి తలుపు దగ్గర నిలబడి చెల్లెల్ని చూసి, "ఇత్‌నీ ఛోటీ" అంది, ఇంత చిన్నదా అన్నట్టు. ఇంకా దగ్గరికి రాలేదు. పురిటి మైల, ముట్టు అంటు అని మామూలు రోజుల్లో గడప గడపకీ గీతలు గీసే అన్నపూర్ణేశ్వరి, ఆ రక్తపు చేతులతోనే వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించి, బకెట్లో వేన్నీళ్ళు తోడుకుని వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కోడలి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. మెట్ల దుమ్ము, రక్తం కలిసి పాదాల మీద ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ ఒక పాదం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

హైమవతి కంగారుగా కాలు వెనక్కి లాక్కోబోయింది. "వద్దండి అత్తయ్యగారూ, మీరు నా కాళ్ళు..."

"కదలకు" అంది అన్నపూర్ణేశ్వరి. చెంబుతో నీళ్ళు పోసి, బొటనవేలితో మెల్లగా రుద్దుతూ కడగసాగింది.